28 లీటర్ల ఓటీజీ: సరుకుల పద్దులో నిజంగా ఎంత మిగులుతుంది?

బ్రెడ్డు, బిస్కెట్లు, కేకులు ఇంట్లోనే చేసుకుంటే నెల సరుకుల ఖర్చు బాగా తగ్గుతుందన్న మాట విని ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన కరెంటు పెట్టె) కొనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. రాజమహేంద్రవరంలో నలుగురం ఉండే మా ఇంట్లో 28 లీటర్ల ఓటీజీని ఏడాదికి పైగా వాడిన మీదట, ఆ మాటలో ఎంత నిజముందో పద్దు రాసి చూసి చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ పరిమాణంలో అమ్ముడయ్యే ఓటీజీలన్నిటి నిర్మాణమూ ఇంచుమించు ఒకటే: పైన రెండు, కింద రెండు వేడి కడ్డీలు, 250 డిగ్రీల దాకా తిరిగే ఉష్ణోగ్రత మీట, గంటసేపటి టైమరు, ఒక అద్దపు తలుపు. ధర అయిదు వేలకూ ఏడు వేలకూ మధ్య ఉంటుంది. దానికి తోడు బ్రెడ్డు డబ్బా, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు, లోపల పెట్టుకునే థర్మామీటరు కొనక తప్పదు కాబట్టి ఇంకో వెయ్యి కలుపుకోవాలి. మా లెక్కలో మొత్తం పెట్టుబడి ఏడువేల రూపాయలు.

లెక్కకు ముందు ఒక షరతు పెట్టుకున్నాం. ఓటీజీ లేకపోతే ఆ వస్తువును అంగట్లో డబ్బిచ్చి కొనేవాళ్ళమా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు వస్తేనే దాన్ని ఆదాగా రాయాలి. ఇంట్లో ముప్పై రూపాయలతో తయారైన కేకు బేకరీలో రెండు వందలు పలకవచ్చు. కానీ నెలనెలా కేకు కొనే అలవాటు లేని ఇంటికి అది నూట డెబ్బయి రూపాయల ఆదా కాదు, ముప్పై రూపాయల కొత్త ఖర్చు. ఓటీజీ గురించి జరిగే ప్రచారంలో సగం ఈ ఒక్కచోటే తేలిపోతుంది.

బ్రెడ్డు సంగతి చూద్దాం. సగం గోధుమపిండి, సగం మైదా కలిపి 400 గ్రాములు తీసుకుంటే, పాలూ నీళ్ళూ ఈస్టూ కలిసి కాలిన తరువాత ఆరు వందల గ్రాములకు పైన తూగే బ్రెడ్డు వస్తుంది. పిండికి సుమారు ఇరవై రూపాయలు, పావు గ్లాసు పాలకు ఆరు, నూనెకు మూడు, చక్కెరకూ ఉప్పుకూ కలిపి ఒకటి, ఈస్టుకు మూడు, మొత్తం ముప్పై మూడు రూపాయలు పడుతుంది. అంగట్లో 400 గ్రాముల తెల్ల బ్రెడ్డు మా వీధిలో నలభై అయిదు నుంచి యాభై దాకా ఉంది. గోధుమ బ్రెడ్డయితే ఇంకో పది ఎక్కువ. కరెంటు కలుపుకున్నా ఒక్కో బ్రెడ్డుకు ముప్పై రూపాయలకు తక్కువ కాకుండా మిగులుతుంది. ఈస్టును పది గ్రాముల చిన్న పొట్లాలుగా కొంటే మాత్రం ఈ లెక్క చెడిపోతుంది, ఎందుకంటే గ్రాము ధర పెద్ద ప్యాకెట్టుతో పోలిస్తే మూడు నాలుగింతలు పడుతుంది. అర కిలో ప్యాకెట్టు కొని, తడి తగలని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలల తరబడి బాగానే పనిచేస్తుంది.

గోదావరి తీరపు ఎండలో ఈస్టుకు వేరే వెచ్చదనం చూపించనక్కరలేదు. వేసవిలో పిండి ముద్ద ముప్పావు గంటలోనే రెట్టింపవుతుంది కాబట్టి అప్పుడు ఈస్టు సగానికి తగ్గించి, చన్నీళ్ళతో కలపడం మంచిది. లేకపోతే పుల్లటి వాసన వస్తుంది. సంక్రాంతి రోజుల్లో అదే పిండికి రెండు గంటలు పడుతుంది. మన మరపట్టించిన గోధుమపిండి మైదాకంటే నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది కనుక, మైదా కొలతతో నీళ్ళు పోస్తే ముద్ద గట్టిపడి బ్రెడ్డు ఇటుకలా దిగుతుంది. పూర్తిగా గోధుమపిండితో చేసిన బ్రెడ్డు బరువుగానే ఉంటుంది. దాన్ని మెత్తగా చేయడానికి రకరకాల పొడులు కొనడం మొదలుపెడితే ఆదా అన్న మాట మరిచిపోవచ్చు.

బిస్కెట్ల దగ్గర లెక్క ఆసక్తికరంగా మారుతుంది. రాగిపిండి, గోధుమపిండి, బెల్లం పొడి, వెన్న తలా రెండు వందల గ్రాములు కలిపి చేస్తే ఏడు వందల గ్రాములకు కొంచెం పైగా బిస్కెట్లు వస్తాయి. పిండ్లూ బెల్లమూ యాలకులూ కలిపి నలభై రూపాయలు దాటవు. అసలు ఖర్చంతా వెన్నది: కిలో అయిదు వందల ఎనభై చొప్పున రెండు వందల గ్రాములకు నూట పదహారు. కిలో బిస్కెట్లకు లెక్కిస్తే రెండు వందల ఇరవై రూపాయలు. బేకరీలో రాగి బిస్కెట్లు కిలో నాలుగు వందల యాభైకి తక్కువ లేవు. అంటే సగానికి సగం మిగులుతుంది. ఆ బేకరీ బిస్కెట్టులో ఉన్నది వెన్నేనా, వనస్పతా అన్నది అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు చదివితే తెలుస్తుంది. చాలావాటిలో వనస్పతే ఉంటుంది కాబట్టి మనం పోలుస్తున్నవి సమానమైన వస్తువులు కావన్నదీ గుర్తుంచుకోవాలి.

మీగడ చిలికి తీసిన వెన్న వాడితే ఖర్చే లేదు కదా అని కొందరంటారు. ఆ లెక్క ఒప్పుకోలేం. ఆ వెన్న బిస్కెట్లలోకి పోతే నెయ్యి కాచుకోవడానికి మిగలదు, ఆ మేరకు నెయ్యి కొనుక్కోవలసిందే. పద్దులో ఎక్కడో ఒకచోట ఆ వెన్నకు ధర కట్టక తప్పదు. నిజంగా ఖర్చు లేనిది ఒకటుంది: వెన్న కాచాక గిన్నె అడుగున మిగిలే గసి. అన్నంలో కలుపుకొని తినగా మిగిలినదాన్ని గోధుమపిండి బిస్కెట్లలో వేస్తే ఆ మేరకు వెన్న తగ్గించవచ్చు. పైగా మాడీమాడని ఆ కమ్మదనం ఏ బేకరీ బిస్కెట్టుకూ రాదు.

ఇంటి ఓటీజీ ఎప్పటికీ ఓడించలేని పోటీదారు మాత్రం గ్లూకోజ్ బిస్కెట్టు. కిలో వంద రూపాయలకు అటూ ఇటూగా అమ్ముడుపోయే ఆ ధరకు ఇంట్లో ఏ బిస్కెట్టూ తయారు కాదు. కర్మాగారాలు పిండీ చక్కెరా పామాయిలూ కొనే ధరలు మనకు దొరకవు. దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వెన్న మీద కూడా 12 నుంచి 5కు తగ్గింది కనుక కొంత చెల్లుకు చెల్లు అయినా, మొత్తం మీద అంగడి బిస్కెట్టుకే మేలు జరిగింది. టీలో ముంచుకోవడానికి గ్లూకోజ్ బిస్కెట్టు చాలనుకునే ఇల్లయితే ఈ పరికరం జోలికి పోనక్కరలేదు. ఉస్మానియా బిస్కెట్లకో, నాన్‌ఖటాయీకో, రాగి, జొన్న బిస్కెట్లకో నెలకు నాలుగైదు వందలు పోసే ఇంటికే దీనితో పని.

కరెంటు ఖర్చు గురించి భయపడేవాళ్ళు ఎక్కువ. పెట్టె మీద 1500 వాట్లు అని ఉంటుంది, అంటే గంటకు ఒకటిన్నర యూనిట్ అనుకుంటారు. కానీ లోపలి వేడి కావలసిన స్థాయికి చేరగానే థర్మోస్టాటు కడ్డీలను ఆపి, మళ్ళీ తగ్గినప్పుడు వెలిగిస్తుంది. పన్నెండు నిమిషాల ముందస్తు వేడి, ముప్పై అయిదు నిమిషాల కాల్పు కలిపి ఒక బ్రెడ్డుకు యూనిట్‌లోపే అవుతుందని మీటరు చూస్తే తెలుస్తుంది. అయితే ఆ యూనిట్ ధర అన్ని నెలల్లో ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి నెలకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ ధర 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు, ఇవిగాక సర్దుబాటు చార్జీలు. ఏసీ నడిచే ఏప్రిల్, మే నెలల్లో ఓటీజీ వాడిన ప్రతి యూనిటూ పై శ్లాబులోనే పడుతుంది. అది వంటింటిని వేడెక్కిస్తే ఆ వేడిని తోడడానికి ఫ్యానూ ఏసీ మరింత తిరుగుతాయి. అందుకని ఆ రెండు నెలలూ మేము దీన్ని దాదాపు మూసే ఉంచుతాం. ఏడాది లెక్క వేసేవాళ్ళు పన్నెండు నెలలు కాక పది నెలలకే వేసుకోవాలి.

వేడిని వృథా చేయకపోవడంలోనే ఈ పరికరంతో వచ్చే అసలైన ఆదా ఉంది. ఒక్క బ్రెడ్డు కోసం పెట్టెను వేడెక్కించి ఆపేయడం దండగ. వారానికి ఒక పూట ఎంచుకొని, ముందు 200 డిగ్రీల దగ్గర బ్రెడ్డు కాల్చి, అది దిగగానే మీట 160కి తగ్గించి రెండు ట్రేల బిస్కెట్లు వరుసగా పెట్టి, అవీ అయ్యాక మీట కట్టేసి, మిగిలిన వేడిలో పాత బ్రెడ్డు అంచులను పరిచి వదిలేస్తే గంట తరువాత అవి రస్కుల్లా కరకరలాడతాయి. మెత్తబడిన చెక్కలూ జంతికలూ, వానాకాలంలో చెమ్మగిల్లిన మరమరాలూ అదే వేడిలో మళ్ళీ కొత్తవాటిలా అవుతాయి. కిలో వేరుశెనగ గుళ్ళు ట్రేలో పరిచి 150 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలిపితే, మూకుడు దగ్గర నిలబడి గరిటె తిప్పే పని లేకుండా సమంగా వేగుతాయి. బ్రెడ్డు కాలేటప్పుడు డబ్బా పక్కన మిగిలిన జాగాలో నాలుగు చిలగడదుంపలు పెడితే వాటికి వేరే ఖర్చు లేదు. ఇలా నిండుగా వాడినప్పుడు ఆ పూటకు రెండు యూనిట్ల లోపే ఖర్చయింది; అదే పనులు విడివిడిగా చేస్తే రెట్టింపు దాటేది.

కేకు విషయంలో మా తీర్పు కొంత కఠినం. బాగా మగ్గి నల్లబడిన చక్కెరకేళీలు మూడు, రెండు వందల గ్రాముల గోధుమపిండి, బెల్లం, కొద్దిగా నూనె, పులిసిన పెరుగు, అర చెంచా వంటసోడా కలిపితే ముప్పై రూపాయల్లో చక్కటి కేకు వస్తుంది. పెరుగులోని పులుపే సోడాను పొంగిస్తుంది కాబట్టి గుడ్డుతో పనిలేదు. రావులపాలెం గెలలు చవకగా దొరికే మా ప్రాంతంలో, గెలకు గెల ఒకేసారి మగ్గిపోయినప్పుడు పారేయవలసిన పండుకు ఇది మంచి దారి. అయితే దీనికి ఓటీజీయే కావాలని లేదు. మందపాటి పాత మూకుడులో గుప్పెడు ఇసుకో ఉప్పో పోసి, పైన చిన్న స్టాండు, దాని మీద కేకు గిన్నె, ఆపైన బరువైన మూత పెట్టి సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచితే ఇదే కేకు వస్తుంది. పైభాగం కొంచెం పాలిపోయినట్టు ఉంటుంది, అంతే తేడా. కుక్కరును మాత్రం ఇలా నీళ్ళు లేకుండా వేడెక్కించవద్దు. అల్యూమినియం అడుగు పాడవుతుంది.

మన జిల్లాల వాళ్ళకు కాల్చే వంట కొత్తేమీ కాదు. మినప్పిండీ ఇడ్లీ రవ్వా కలిపిన దిబ్బరొట్టెను ఇత్తడి గిన్నెలో పోసి, కింద కుంపటి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చే పద్ధతిలో ఉన్నది ఓటీజీ సూత్రమే. అయినా ఓటీజీలో దిబ్బరొట్టె కుదరలేదని చెప్పక తప్పదు. ఆ రొట్టెకు ప్రాణమైన ఎర్రటి అడుగు పొర, మందపాటి ఇనప మూకుడులో నూనె మరిగి పిండికి తగిలితేనే వస్తుంది. ఓటీజీలో వేడి గాలికి పైపొర ఎండుతుంది గానీ అడుగు ఎర్రబడదు. అదే విధంగా వంకాయ పచ్చడికి కాయను ఇందులో కాల్చడం వ్యర్థం: స్టవ్ మంట మీద పది నిమిషాల పని ఇక్కడ నలభై నిమిషాలు పడుతుంది, కాలిన వాసనా రాదు. వడియాలు ఆరబెట్టడానికి వాడేవాళ్ళను కూడా చూశాను. ఎండ ఉచితంగా దొరికే రాష్ట్రంలో అది విచిత్రమైన పొదుపు.

పరికరం లోపాల విషయానికి వస్తే, మీట మీది అంకెను నమ్మడానికి వీల్లేదు. మా దానిలో 180 దగ్గర పెడితే లోపలి థర్మామీటరు ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. బిస్కెట్ల విషయంలో ఇరవై డిగ్రీలంటే బంగారు రంగుకూ మాడుకూ ఉన్న తేడా. మాడిన ట్రే ఒక్కటి వారం ఆదాను తినేస్తుంది కాబట్టి, రెండు మూడు వందల ఆ థర్మామీటరును దండగ అనుకోవద్దు. వెనుక మూల ముందుదానికంటే త్వరగా ఎర్రబడుతుంది. సగం సమయం గడిచాక ట్రేను తిప్పి పెట్టాలి. ఒంటి అద్దపు తలుపు గుండా వేడి బయటికి పోతూనే ఉంటుంది, బయటి రేకు చేయి కాలేంత వేడెక్కుతుంది. గోడకు ఆనించి పెట్టకూడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఎత్తున పెట్టాలి. కోడిని గుచ్చి తిప్పే కడ్డీ కూడా పెట్టెలో వచ్చింది. దానితో మాకు పని పడలేదు గానీ, దాని కోసం కట్టిన రూపాయలు ధరలో కలిసే ఉంటాయి. మరొకటి చాలామంది పట్టించుకోనిది: 1500 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఆరున్నర యాంపులు. మామూలు ఆరు యాంపుల ప్లగ్గులో పెడితే అది వేడెక్కి కరిగే ప్రమాదముంది. ఫ్రిజ్జుకూ గీజరుకూ వాడే పెద్ద పవర్ ప్లగ్గు వంటింట్లో లేకపోతే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించే ఖర్చు కూడా పెట్టుబడిలో రాసుకోవాలి.

ఇక మొత్తం. నెలకు నాలుగు బ్రెడ్లు, కిలోన్నర దాకా బిస్కెట్లు, ఇంతకుముందు కొనే రస్కులు ఇవే మా షరతుకు నిలిచినవి. బ్రెడ్ల మీద నూట ఇరవై నుంచి నూట యాభై, బిస్కెట్ల మీద మూడు వందల పైచిలుకు, రస్కుల మీద కొద్దిగా. కరెంటు తీసేస్తే నెలకు నాలుగు వందల యాభై రూపాయల దరిదాపు. ఏడాదికి పది నెలల లెక్కన ఏడువేల పెట్టుబడి తిరిగి రావడానికి ఏడాదిన్నరకు పైనే పడుతుంది. చాలా ఓటీజీలకు వారంటీ ఒకటి రెండేళ్ళే కనుక, అసలైన మిగులు వారంటీ ముగిసే వేళకు మొదలవుతుందన్నమాట. కడ్డీ కాలిపోతే మార్చే రిపేరు షాపులు ఊళ్ళో ఉన్నాయి, పెద్ద ఖర్చు కాదు. కానీ ఆ అవకాశాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. పిండి పిసకడానికీ, ట్రేలు కడగడానికీ పట్టే పూటకు ధర కట్టలేదు. ఆదివారం అది మాకు కాలక్షేపం కాబట్టి సరిపోయింది. ఉద్యోగం చేసి అలసి వచ్చేవాళ్ళ సమయాన్ని ఇలా ఉచితంగా లెక్కించడం న్యాయం కాదు.

ఇంత డబ్బు పెట్టగలిగి, ఇంట్లో ఇంకా మంచి గ్రైండరు లేనివాళ్ళకు మా సలహా వేరు: ముందు గ్రైండరు కొనండి. అంగట్లో కిలో ఇడ్లీ పిండి అరవై నుంచి ఎనభై దాకా ఉంది. ఇంట్లో నూట ముప్పై గ్రాముల మినపగుళ్ళు, దానికి రెట్టింపు రవ్వతో ముప్పై రూపాయల్లో కిలో పిండి అవుతుంది. వారానికి మూడు కిలోల పిండి కొనే కుటుంబానికి ఇక్కడ మిగిలేది నెలకు మూడు వందల అరవైకి తక్కువుండదు, వేసవిలో ఆపవలసిన పనీ లేదు. మన ఇళ్ళలో పొద్దున్నే బ్రెడ్డుకంటే ఇడ్లీ, అట్టు ఎక్కువగా తింటాం కాబట్టి ఆదా కూడా ముందు అక్కడే వెతకాలి.

ఆ తరువాత కూడా ఓటీజీ కావాలనుకునేవాళ్ళకు 28 లీటర్ల పరిమాణం సరైనదే. 16 లీటర్ల దానిలో బ్రెడ్డు పొంగి పై కడ్డీకి తగులుతుంది, బిస్కెట్లు నాలుగు విడతలు పెట్టాలి. 40 లీటర్లది నలుగురున్న ఇంట్లో ఎప్పుడూ నిండదు, వేడెక్కడానికి ఎక్కువ కరెంటు తింటుంది. ఎయిర్‌ఫ్రయరు బుట్టలో ఒక బ్రెడ్డు డబ్బా పట్టడమే కష్టం. లోపలి వేడిగాలిని తిప్పే కన్వెక్షన్ ఫ్యాను ఉన్న రకానికి అయిదారు వందలు ఎక్కువైనా తీసుకోవచ్చు, ఎందుకంటే రెండు ట్రేలు ఒకేసారి పెట్టినా ఇంచుమించు సమానంగా కాలతాయి, కాబట్టి కరెంటు అక్కడ మిగులుతుంది. షాపులో చూసేటప్పుడు తలుపు తీసి వేసి, అంచుల్లో సందు లేకుండా మూసుకుంటోందో లేదో గమనించండి. అడుగున రాలిన పొడి పట్టే పళ్ళెం బయటికి లాగేలా ఉందో లేదో కూడా చూడండి. అది లేని ఓటీజీలో రాలిన బెల్లం కడ్డీ మీద మాడి, ప్రతి బ్రెడ్డుకూ పొగ వాసన పట్టిస్తుంది.